తల ఊపిన తల్లి

అమ్మలూ,

లాస్ ఏంజిలిస్‌లో స్పీచ్ థెరపిస్టుగా చేరబోతున్నావు. నీ దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది మెక్సికో, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్‌ల నుంచి వచ్చినవాళ్ల బిడ్డలే. ఆటిజం గురించి బాగానే చదువుకున్నావు. ఆ బిడ్డల అమ్మానాన్నల గురించి క్లాసులో అంతగా చెప్పి ఉండరు. అందుకే ఈ ఉత్తరం.

ఐఈపీ మీటింగులో, అంటే బిడ్డకు విడిగా వేసే చదువు ప్రణాళిక మీద జరిగే మీటింగులో, బల్లకు ఒకవైపు స్కూలు ఉద్యోగులు వరుసగా కూర్చుంటారు, ఎదురుగా తల్లి ఒక్కతే. చెప్పినదానికల్లా తల ఊపి, సంతకం పెట్టి వెళ్లిపోతుంది. టీచరుకూ డాక్టరుకూ ఎదురు మాట్లాడకూడదని నేర్చుకుని పెరిగిన మనిషి. ఆవిడ తల ఊపింది మర్యాద కొద్దీ. నువ్వు చెప్పింది ఒప్పుకున్నట్టు కాదు, ఒక్కోసారి అర్థమైనట్టూ కాదు. మీటింగులో చెప్పినవేవీ ఇంట్లో జరగకపోతే ‘ఈ తల్లికి పట్టదు’ అని ఫైల్లో రాసేవాళ్లున్నారు. ఆ మాట నువ్వు ఎన్నడూ రాయకు. ‘అర్థమైందా?’ అని కాకుండా, ‘రేపు బాబుకు చొక్కా తొడిగేటప్పుడు ఏం చేస్తారో ఒకసారి చూపిస్తారా?’ అని అడుగు.

తల్లిదండ్రులకు మీటింగు అర్థమయ్యేలా ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టడం వైకల్యమున్న పిల్లల చదువు కోసం అమెరికాలో ఉన్న ఐడియా చట్టం ప్రకారం స్కూలు బాధ్యత. పదేళ్ల అక్కను కూర్చోబెట్టి ఆ పని చేయించకు. తమ్ముడి గురించిన కష్టమైన మాట అమ్మకు చెప్పాల్సి వస్తే ఆ పిల్ల సగం మింగేస్తుంది. కాగితంలో స్పానిష్ అని ఉందని కూడా నమ్మేయకు. గ్వాటెమాలా నుంచి వచ్చిన కొన్ని ఇళ్లలో కిచే, మామ్ వంటి మాయా భాషలే మాట్లాడుకుంటారు.

‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల మామయ్యా అంతే’ అంటుంది అమ్మమ్మ. మన ఇళ్లలోనూ విన్న మాటే. బిడ్డ మణికట్టుకు దిష్టి తగలకుండా ఎర్రదారం ఉండొచ్చు. దాని జోలికి పోకు. అమ్మమ్మనూ మీటింగుకు రమ్మను, ఆవిడ ఒప్పుకుంటే ఇల్లంతా కదులుతుంది. అలాగని అంతా మనలాంటివాళ్లేలే అనుకోవద్దు. కాగితాలు లేని తండ్రి ఆఫీసు మెట్లెక్కడానికి పడే భయం మనలో చాలామంది ఎరగనిది. వలస కాగితాలు లేవన్న కారణంతో పిల్లలకు బడి కాదనకూడదని 1982లోనే ప్లైలర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వాళ్లు అడక్కపోయినా ఈ సంగతి ముందే చెప్పు.

ఒక సలహా వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది: ‘బిడ్డ తికమక పడతాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి.’ రెండు భాషల మధ్య పెరిగితే ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఆ సలహా పాటించిన తల్లి మాత్రం రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు పలికి ఊరుకుంటుంది. జోలపాట, ముద్దు, కోపం అన్నీ ఆగిపోతాయి. మాట నేర్పేది అవే కదా! నీ క్లాసు వారానికి ఒకటో రెండో గంటలు, అమ్మ మాట రోజంతా.

సాండ్రా మగాన్యా అనే పరిశోధకురాలు సహోద్యోగులతో కలిసి తయారుచేసిన ‘పేరెంట్స్ టేకింగ్ యాక్షన్’ శిక్షణను తప్పకుండా చదువు. అక్కడ పాఠం చెప్పేది డాక్టర్లు కాదు, ప్రొమోతోరాలు. మన ఆశా కార్యకర్తల్లా అదే పేటలో ఉండే ఆడవాళ్లు, వాళ్లూ ఇలాంటి బిడ్డల తల్లులే. ఇంటికే వెళ్లి స్పానిష్‌లో చెబుతారు. ఆటిజం అంటే ఏమిటి, సేవలు ఎలా అడగాలి, బిడ్డతో ఎలా ఆడాలి, తల్లి తన ఒంటిని ఎలా చూసుకోవాలి, అన్నీ అందులో ఉంటాయి. ఇరవై ఏళ్ల అనుభవమున్న థెరపిస్టు చెప్పినా లొంగని భయం, సాటి తల్లి చెబితే తగ్గుతుంది.

2023లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఇచ్చిన లెక్కల్లో, ఆటిజం గుర్తించిన ఎనిమిదేళ్ల పిల్లల శాతం తెల్లవాళ్లకన్నా లాటినోల్లోనే ఎక్కువ. అంతకుముందు ఏళ్ల తరబడి తక్కువే ఉండేది. అంటే పిల్లల్ని గుర్తిస్తున్నారు. ఆ తర్వాత అందాల్సిన సాయం దగ్గరే ఇంకా వెనకబాటు.

చేరిన మొదటి వారంలోనే మీ పేటలో స్పానిష్ తల్లిదండ్రుల బృందం ఎక్కడ కలుస్తుందో కనుక్కో. 1978లో లాస్ ఏంజిలిస్‌లోనే మొదలైన ‘ఫియెస్తా ఎదుకాతివా’ అనే సంస్థను ముందు అడుగు. ఆ బృందం ఫోన్ నంబరు నీ బల్ల మీద కాదు, ప్రతి తల్లికీ ఇచ్చే మొదటి కాగితం మీద, పైనే పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ