అమెరికా చదువుకు వెళ్ళేముందు ఆరోగ్యం పనులు

ఆగస్టులో ఫ్లైట్ అనగానే ఇంట్లో పచ్చళ్ళు, పొడులు, కుక్కర్, చలికోట్ల హడావిడి మొదలవుతుంది. టీకాల ఫారం చివరి వారంలో గుర్తొస్తుంది. పచ్చళ్ళు రెండు రోజుల్లో సర్దేసుకోవచ్చు గానీ టీకాలకు ఆ వెసులుబాటు లేదు. డోసుకూ డోసుకూ మధ్య ఇన్ని రోజులు ఆగాలని లెక్క ఉంటుంది. అందుకే యూనివర్సిటీ నుంచి ఐ-20 పత్రం చేతికొచ్చిన వారమే, వీసా స్లాట్ కోసం చూస్తూనే, ఈ పనులకు దిగండి.

మొదట టీకాలు

యూనివర్సిటీ హెల్త్ సెంటర్ పేజీలో ఇమ్యునైజేషన్ ఫారం ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి పూర్తిగా చదవండి. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో రకంగా అడుగుతుంది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు వేసే ఎంఎంఆర్ రెండు డోసులు మాత్రం చాలాచోట్ల తప్పనిసరి. రెంటి మధ్య కనీసం 28 రోజులుండాలి. టెక్సాస్‌లో చేరేవాళ్ళకు 22 ఏళ్ళు నిండకపోతే మెనింజైటిస్ టీకా కూడా కావాలి. క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందే అది వేయించుకుని ఉండాలి.

చిన్నప్పటి టీకా కార్డు కోసం అమ్మ బీరువా వెతకండి. దొరక్కపోతే రక్తంలో యాంటీబాడీలున్నాయో లేదో చూసే టైటర్ పరీక్ష చేయించుకోవచ్చు, లేదా డాక్టర్‌ని అడిగి మళ్ళీ టీకా వేయించుకోవచ్చు.

టీబీ పరీక్ష దగ్గర కాస్త నిదానించండి. మనకు పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి, జబ్బు లేకపోయినా చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు. యూనివర్సిటీ ఒప్పుకుంటే రక్తంతో చేసే ఇగ్రా పరీక్షే మేలు. దాన్ని ఎంఎంఆర్‌కు ముందుగానో, అదే రోజునో చేయించుకోండి. టీకా ముందు పడిపోతే కనీసం నాలుగు వారాలు ఆగాలి, లేకపోతే ఫలితాన్ని నమ్మలేం. కొన్ని యూనివర్సిటీలు ఈ పరీక్ష తమ దగ్గరే చేయించుకోమంటాయి. ఆ సంగతి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

ఇక తేదీలు. మన డాక్టర్ 05/08 అని రాస్తే అది ఆగస్టు 5. అక్కడివాళ్ళు దాన్ని మే 8గా చదువుతారు. డోసుల మధ్య ఎడం తారుమారై ఫారం వెనక్కి వస్తుంది, క్లాసుల రిజిస్ట్రేషన్‌కు అడ్డం పడుతుంది. నెల పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకోండి. డాక్టర్ సంతకం, స్టాంపు ఉన్నాయో లేదో క్లినిక్‌లో ఉండగానే చూసుకోండి.

పళ్ళు, కళ్ళు

విద్యార్థుల ఇన్సూరెన్స్‌లో పళ్ళ వైద్యం సాధారణంగా ఉండదు. అక్కడ రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే వెయ్యి డాలర్లు దాటడం మామూలే. నొప్పి లేకపోయినా వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోండి. జ్ఞానదంతం ఇబ్బంది పెట్టేలా ఉంటే ఇక్కడే తేల్చుకోండి. కళ్ళజోళ్ళు రెండు చేయించుకుని, పవర్ చీటీ కూడా దగ్గర పెట్టుకోండి.

మందులు

థైరాయిడ్, ఆస్తమా, షుగర్ లాంటివి ఉంటే 90 రోజులకు మించకుండా మందులు తీసుకెళ్ళండి. స్ట్రిప్పులు విప్పి డబ్బాల్లో పోయకండి. మందు అసలు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారో డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించుకోండి. మన బ్రాండ్ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. రోజూ వేసుకునే మందులు, ఇన్‌హేలర్, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి.

ఇంట్లో అలవాటుగా సంచిలో పడేసే నొప్పి మాత్రల్ని కూడా ఒకసారి చూడండి. నిమెసులైడ్, అనాల్జిన్‌లకు అమెరికాలో అనుమతి లేదు. మన పారాసిటమాల్‌ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. అక్కడి జలుబు మందులు చాలావాటిలో అదే ఉంటుంది. డోలో వేసుకుని, పైన ఆ జలుబు సిరప్ కూడా తాగితే మోతాదు రెట్టింపై లివర్‌కు ముప్పు. అట్ట వెనక చదవకుండా ఏదీ మింగొద్దు.

ఇన్సూరెన్స్

ప్రీమియం తక్కువని ప్లాన్ కొనేయకండి. యూనివర్సిటీ దాన్ని ఒప్పుకుంటుందా, పాత జబ్బులకు వర్తిస్తుందా, మానసిక వైద్యం ఉందా అన్నవి ముందు చూడండి. డిడక్టబుల్ అంటే కంపెనీ చెయ్యి కలపకముందు మీ జేబులోంచి పోయే మొత్తం. అది 500 డాలర్లయితే అంతవరకు చాలా బిల్లులు మీవే. జ్వరానికి ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి, అది మూసి ఉంటే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్ళండి. ఎమర్జెన్సీ రూమ్ బిల్లు చాలా పెద్దది. అయితే ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం లాంటివాటికి బిల్లు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించకండి, వెంటనే 911కి ఫోన్ చేయండి.

దిగాక

డాలస్‌లో రాత్రి పది అయితే వేసవిలో మనకు మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. ఇంట్లో అందరూ లేచి ఉంటారు, కబుర్లు ఒంటిగంట దాటుతాయి, పొద్దున్నే క్లాసు. వారాలు గడిచేకొద్దీ ఆ నిద్రలేమి ఒంటినీ మనసునూ కుంగదీస్తుంది. ఫోన్ వేళ అమ్మానాన్నలతో ముందే అనుకోండి. దిగులు రెండు వారాలు దాటి, తిండి, చదువు మీద ధ్యాస పోతుంటే క్యాంపస్ కౌన్సెలర్‌ని కలవండి. అక్కడ చెప్పుకున్నవి, ప్రాణాపాయం ఉంటే తప్ప, మీ అనుమతి లేకుండా ఇంటికి చేరవు. చచ్చిపోవాలనిపిస్తే 988కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫ్లూ టీకా వేయించుకోండి. మీకు ఏ మందు పడదో, ఇన్‌హేలర్ ఎక్కడుందో, ఇన్సూరెన్స్ కార్డు ఏ అరలో ఉందో రూమ్మేట్‌కి మొదటి వారమే చూపించండి. అపార్ట్‌మెంట్ నంబరుతో సహా అడ్రస్ ఇద్దరూ నోటికి నేర్చుకోండి. 911లో అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.