‘నేరము - శిక్ష’ నవలలో అపరాధవేదన: లిజవేత పాత్ర

దోస్తోయెవ్‌స్కీ రచించిన ‘నేరము - శిక్ష’ నవలను గురించి తరగతి గదులలో సాధారణంగా చెప్పే సారాంశం ఒకటి ఉన్నది. పేద విద్యార్థి ఒకడు తాకట్టు వ్యాపారం చేసే వృద్ధురాలిని హత్య చేసి, అంతరాత్మ క్షోభకు తాళలేక, పశ్చాత్తప్తుడై నేరాన్ని అంగీకరించి శిక్ష అనుభవించినాడన్నది ఆ సారాంశం. ఇందులో ‘పశ్చాత్తప్తుడై’ అన్న మాటకు నవలలో ఆధారం లేదు. రస్కోల్నికోవ్ పోలీసు ఠాణాలో నేరం ఒప్పుకొన్ననాటికి అతనికి పశ్చాత్తాపం కలుగలేదు. సైబీరియా కారాగారానికి చేరిన తరువాత కూడ చాలకాలం కలుగలేదు. అయినప్పటికీ హత్యాక్షణం నుండి అతడు అపరాధవేదనతో దహించుకొనిపోతూనే ఉన్నాడు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల నవలలోని మనస్తత్వ చిత్రణ మనకు సగమే అందుతున్నదని నా అభిప్రాయం.

మూలంలో నవల పేరులోని మొదటి పదం ‘ప్రెస్తుప్లేనియె’. అడుగు వేసి హద్దు దాటడమని దాని అవయవార్థం. మన ‘అతిక్రమణం’ దానికి చక్కగా సరిపోతుంది. ‘నేరం’ అనగానే న్యాయస్థానం స్ఫురిస్తుంది. ‘అతిక్రమణం’ అన్నప్పుడు, దాటినవాడు ఇప్పుడు ఎక్కడ నిలిచి ఉన్నాడన్న ప్రశ్న పుడుతుంది. నెపోలియన్ వంటి అసామాన్యులకు హద్దులు దాటే అధికారం ఉన్నదని రస్కోల్నికోవ్ ఒక వ్యాసమే రాసి ఉన్నాడు. తాను ఆ కోవకు చెందినవాడా, కాదా అని తేల్చుకొనడానికి అతడు గొడ్డలి పట్టినాడు.

నవల 1866లో ‘రూస్కీ వేస్త్నిక్’ పత్రికలో ధారావాహికగా వెలువడినది. అంతకుముందు సంవత్సరం ఆ పత్రిక సంపాదకుడైన కత్కోవ్‌కు రాసిన లేఖలో రచయిత తన ఉద్దేశాన్ని వివరించినాడు. మానవజాతి నుండి తెగిపోయినానన్న భావమే హంతకుణ్ణి హింసిస్తుందని అందలి సారం. తొలి చిత్తుప్రతులు హంతకుడే చెప్పుకొనే ఆత్మకథనంగా, ఉత్తమపురుషలో సాగినవి. ఆ ఏడాది చివర రచయిత రాసినదంతా తగులబెట్టి కొత్తగా ఆరంభించినాడు. అచ్చైన నవల ప్రథమపురుషలో ఉన్నది. ఈ మార్పు కేవలం శిల్పసౌలభ్యానికి చేసినది కాదనిపిస్తుంది. తన పాపాన్ని క్రమంగా చెప్పుకొనగలిగినవాడు అప్పటికే దానిని కొంత గ్రహించినవాడై ఉంటాడు. రస్కోల్నికోవ్‌కు ఆ గ్రహింపు లేదు.

నవలకు ఆరు భాగాలు, ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగంతోనే ముగుస్తుంది. ఆ తరువాత అతని బుద్ధి తన సిద్ధాంతాన్ని సమర్థించుకొంటూనే ఉంటుంది. శరీరం మాత్రం అందుకు సహకరించదు. జ్వరం, మూర్ఛ, సంధి మాటలు అతణ్ణి ఆవరిస్తాయి. దొంగిలించిన సంచిలో ఎంత ఉన్నదో చూడకుండానే దానిని ఒక రాతి క్రింద దాచివేస్తాడు. ఎవరో జాలితో ఇచ్చిన ఇరవై కోపెక్కుల నాణేన్ని నేవా నదిలోకి విసరి, కత్తెరతో కత్తిరించినట్లు ఆ క్షణాన తాను అందరికీ దూరమైనట్లు భావిస్తాడు. చాల కాలానికి కనిపించిన తల్లినీ చెల్లెలినీ కౌగిలించుకొనడానికి అతని చేతులు లేవవు.

ఇక లిజవేత విషయం. వృద్ధురాలు అల్యోనా ఇవానోవ్నాకు ఈమె సవతి చెల్లెలు. అమాయకురాలు, అక్క చేత దెబ్బలు తింటూ బ్రతికినది. హత్యకు ముహూర్తం కుదిరినది ఈమె వల్లనే. మరునాడు సాయంత్రం ఏడు గంటలకు లిజవేత ఇంట ఉండదని సెన్నయా అంగడి చౌకులో అనుకోకుండా విన్న మాటతో రస్కోల్నికోవ్ నిశ్చయం స్థిరపడినది. కాని ఆమె తిరిగి వచ్చినది. గొడ్డలి ఎత్తినప్పుడు ఆమె ముఖం కాపాడుకొనడానికైన చేతులు అడ్డుపెట్టక, ఎడమచేతిని మాత్రం కొద్దిగా ముందుకు చాచినది. సిద్ధాంతంలో అల్యోనాకు ‘పేను’ అని ఒక స్థానం ఉన్నది. లిజవేతకు ఏ స్థానమూ లేదు. నేనామెను ఇంచుమించు తలచుకొననే లేదు, చంపనే చంపనట్లు, ఎందుకని అతడే ఒకచోట ఆశ్చర్యపడుతాడు. ఆమె నీ చొక్కాకు మాసిక వేసినది కదా అని పనిమనిషి నస్తాస్యా అన్నప్పుడు, అతడు గోడవైపు తిరిగి గోడకాగితంపై పువ్వు రేకులు లెక్కించసాగినాడు. తెలుగు విమర్శలో నెపోలియన్ ప్రసంగానికి దక్కినంత చోటు ఈ చిన్న వాక్యానికి దక్కకపోవడం విచారకరం.

ఐదవ భాగంలో సోన్యా ఎదుట రహస్యం బయటపడే ఘట్టంలో ‘చంపినాను’ అన్న మాటను అతడు ముందుగా ఉచ్చరించడు. ఊహించుకొమ్మని ఆమె ముఖంలోకి చూస్తాడు. భయంతో సోన్యా ఎడమచేతిని ముందుకు చాపుతుంది. ఆమె ముఖంలో అతనికి లిజవేత ముఖం కనిపిస్తుంది. సత్యం ఆ చేతి కదలికలో బయటపడినది. అనంతరం అతడు చేసిన సుదీర్ఘ వాదమంతా వృద్ధురాలిని గురించినదే.

మన ధర్మశాస్త్రంలో ఖ్యాపనం, అనుతాపం అన్నవి వేరు వేరు పదాలు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయం పాపవిముక్తికి సాధనాలుగా ఈ రెండింటినీ తపస్సుతో, అధ్యయనంతో కలిపి చెప్పినది. క్రైస్తవ సంప్రదాయంలో పుట్టిన నవలకు ప్రాయశ్చిత్త విధులను అన్వయించాలని నా ఉద్దేశం కాదు. పదాల భేదం మాత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. సోన్యా ఆదేశం మేరకు రస్కోల్నికోవ్ సెన్నయా చౌకులో, లిజవేత మాట వినిపించిన ఆ అంగడిలోనే, మోకరిల్లి నేలను ముద్దు పెట్టుకొంటాడు. జనం తాగుబోతని నవ్వుతారు. అతని పెదవులపైకి వచ్చిన మాట ఆగిపోతుంది. ఠాణాకు వెళ్ళి కూడ చెప్పకుండానే బయటకు వస్తాడు. వాకిట నిలిచిన సోన్యాను చూచి మళ్ళీ లోపలికి పోయి చెప్తాడు. ఇది అనుతాపం లేని ఖ్యాపనం. దీనికి ప్రతిగా రచయిత నికొలాయ్ అనే రంగుల పనివాణ్ణి నిలిపినాడు. బాధను స్వీకరించాలన్న మతభావనతో అతడు తాను చేయని హత్యను తన నెత్తిన వేసుకొన్నాడు. అతడు పుట్టిన శాఖను రష్యన్ భాషలో ‘రస్కోల్నిక్’ అంటారు, అనగా చీలిపోయినవాడు. కథానాయకుని ఇంటిపేరుకు మూలం ఇదే.

న్యాయస్థానం ఎనిమిది సంవత్సరాల కఠినశిక్ష విధించినది. తానై లొంగిపోవడం, దొంగసొత్తును వాడుకొనకపోవడం శిక్ష తగ్గడానికి కారణాలైనవి. కారాగారంలో అతడు తన అంతరాత్మను కఠినంగానే ప్రశ్నించుకొన్నాడు. ఒక పొరపాటు, ఒక వైఫల్యం తప్ప దోషమేదీ కనిపించలేదు. పశ్చాత్తాపం కలిగితే బాగుండునని మాత్రం కోరుకొన్నాడు. ఉపసంహారంలోని పరివర్తన తొందరపాటుగా ఉన్నదని ఆక్షేపించిన విమర్శకులు ఉన్నారు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. అయితే నదీతీరాన సోన్యా పాదాలపై పడినప్పుడు కూడ రచయిత అతని చేత సిద్ధాంతాన్ని ఖండింపజేయలేదన్నది గమనింపదగినది. వాదం ఓడిపోలేదు, వెనుకకు జరిగినది.

ఆ రాత్రి అతని తలగడ క్రింద సోన్యా ఇచ్చిన సువార్త గ్రంథం ఉన్నది. అతడు దానిని చేతికి తీసుకొన్నాడు గాని తెరువలేదు. వెనుక సోన్యా మృతుడైన లాజరు తిరిగి లేచిన కథను చదివి వినిపించినది ఆ గ్రంథం నుండే. నీకిది ఎక్కడిదని అతడు నాలుగవ భాగంలో అడిగినప్పుడు ఆమె చెప్పిన సమాధానాన్ని రచయిత ఇక్కడ పాఠకునికి గుర్తు చేయడు. ఆ పుస్తకాన్ని ఆమెకు తెచ్చి ఇచ్చినది లిజవేత.