యు.ఆర్.ఎల్. వడపోత: రౌటరు కావలి

కంప్యూటరు వలలను గూర్చిన పరీక్షలకు చదువు విద్యార్థులు తప్పక నేర్వవలసిన పాఠములలో యు.ఆర్.ఎల్. వడపోత యొకటి. దానిని మా పాఠకులకు సులభముగా దెలుపుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

యు.ఆర్.ఎల్. అనగా ఇంటర్నెట్టునందు ఒక పుట యుండు చోటికి చిరునామా. దీనిని వ్రాయు కట్టుబాట్లు 1994వ సంవత్సరమున ప్రకటింపబడినవి. ఇందు ముఖ్యభాగములు మూడు: హెచ్.టి.టి.పి. వంటి పద్ధతి, సర్వరు పేరు, ఆ సర్వరులోని పుటకు దారి. రౌటరునందలి ఫైర్‌వాల్ ఈ చిరునామాను జదివి, పోనిచ్చుటయో ఆపుటయో నిర్ణయించును. ఇదియే వడపోత. కావలివాడు చిరునామాలో నెంతవరకు చదువగలడో అంతవరకే అతని తీర్పు న్యాయమగును. ఈ పాఠమునకు మూలమిదియే.

దీనికి మన దేశమునందే నిదర్శనము కలదు. 2003వ సంవత్సరము సెప్టెంబరులో యాహూ గ్రూపులలోని కిన్‌హున్ అను నొక్క గుంపును ఆపవలెనని ప్రభుత్వము ఇంటర్నెట్టు కంపెనీలను ఆజ్ఞాపించెను. ఆ యొక్క దారిని మూయలేక కంపెనీలు గ్రూపుల సర్వరునంతటిని మూసివేసెను. ఏ దోషమును లేని తక్కిన గుంపులవారికిని ద్వారము మూతపడెను. ఒక పిల్లకాలువ తూము మూయవలసిన చోట కె.సి. కాలువకే అడ్డుకట్ట వేసినచో నంద్యాల పొలములు, ఆళ్లగడ్డ పొలములు కూడ నెండును గదా!

ఇక అమరికను జూతము. నంద్యాలలో నొక పాఠశాలయు, ఆళ్లగడ్డలో దాని శాఖయు గలవనుకొందము. సిస్కో ఐ.ఓ.ఎస్. రౌటరులో జోన్ పద్ధతిని అనుసరించి చేయవలసిన పనులు ఇవి:

మొదటిది: బడిలోని తీగలు కలియు ద్వారములను లోపలి జోనులోను, ఇంటర్నెట్టు ద్వారమును వెలుపలి జోనులోను జేర్చి, లోపలినుండి వెలుపలికి జోన్-పెయిర్‌ను ఏర్పరుపవలెను.

రెండవది: పారామీటర్-మ్యాపులలో అనుమతించు పేర్లను, నిషేధించు పేర్లను వేర్వేరు జాబితాలుగా వ్రాయవలెను.

మూడవది: ఆ జాబితాను సర్వరు పేరుతో పోల్చవలెనో, చిరునామాలోని మాటలతో పోల్చవలెనో క్లాస్-మ్యాపులో జెప్పవలెను.

నాలుగవది: పోనిమ్ము, ఆపుము, నమోదు చేయుము అను నాజ్ఞలను పాలసీ-మ్యాపులో వ్రాయవలెను.

ఐదవది: ఈ పాలసీని హెచ్.టి.టి.పి.ని పరీక్షించు పాలసీక్రింద జేర్చి, దానిని జోన్-పెయిర్‌కు గట్టవలెను. ఈ కడపటి ముడి వేయనిచో పైన వ్రాసినదంతయు నిష్ఫలము.

నియమములను రౌటరు పైనుండి క్రిందికి జదువును; మొదట సరిపడినదానినే యమలుపరచును. 'పాఠము.ఎగ్జాంపుల్.కామ్' కావలెను, ఆ యింటి తక్కిన పుటలు వలదు అనుకొన్నచో అనుమతిని పైన, నిషేధమును క్రింద వ్రాయవలెను. తారుమారైనచో పిల్లలకు పాఠము అందదు.

మాటలనుబట్టి ఆపునప్పుడు మరింత జాగ్రత్త యవసరము. 1996లో ఇంగ్లండునందలి స్కన్‌థార్ప్ అను నూరివారు అమెరికా ఆన్‌లైన్‌లో ఖాతా తెరువలేకపోయిరి. ఊరి పేరులోని కొన్ని యక్షరములు నిషిద్ధపదమగుటయే కారణము!

ఆళ్లగడ్డ శాఖకు స్వంత ఇంటర్నెట్టు ఉన్నచో నంద్యాల రౌటరులోని వడపోత దానికి వర్తింపదు. అచటను నియమములు వ్రాయవలెను. లేదా శాఖ రాకపోకలన్నిటిని నంద్యాల మీదుగా నడుపవలెను. జాబితా వేరొక సర్వరులో నున్నప్పుడు, ఆ సర్వరు బదులు పలుకకున్న పోనీయవలెనా ఆపవలెనా యనుటయు ముందే నిశ్చయింపవలసినదే.

నేడు పెక్కు పుటలు హెచ్.టి.టి.పి.ఎస్. పద్ధతిని రహస్యలిపిలో నడచుచున్నవి. అప్పుడు పుట దారి రౌటరునకు గానరాదు; సాధారణముగా సర్వరు పేరు మాత్రమే కానవచ్చును. 2003 నాటి చిక్కు ఈ విధముగా మరల నెదురగును. ఆ లిపిని విప్పుట సాధ్యమే కాని, అందుకై బడి యంత్రములలో ప్రత్యేక ధ్రువపత్రము నుంచవలెను. అట్లు చేసిన కావలివాడు ఒకరి స్వంత యుత్తరములను సైతము చదువగలడు. కావున తలిదండ్రులకును ఉపాధ్యాయులకును దెలియకుండ నది జరుగరాదు.

ఈ పాఠము గల సి.సి.ఎన్.ఏ. సెక్యూరిటీ పరీక్ష 2020 ఫిబ్రవరిలో నిలిపివేయబడినది. ఆజ్ఞల రూపములు మారుచుండును గాని సూత్రములు మారవు. విద్యార్థులారా, ఒక నియమము వ్రాసిన పిదప దేనిని ఆపినదో యని మాత్రమే గాక, ఆపరానిదానిని ఆపినదా యనియు నమోదుపుస్తకము జూచి పరీక్షింపుడు. పరీక్షలో మార్కులకును, రేపు మీ చేతికి వచ్చు బడి రౌటరునకును ఈ యలవాటే మేలు చేయును.