కణుజు కొమ్ము

విస్సన్నపేటలో మా మాతామహుల యింటి వసారాలో ఒక కణుజు కొమ్ము వ్రేలాడుచుండెడిది. మూడు కొనలు గల ఆ కొమ్మునకు తాతగారు తమ తలపాగను తగిలించెడివారు. "ఇది యెక్కడిది తాతయ్యా?" అని యడిగినచో, "అడవిలో దొరికిందిరా" అని మాత్రము చెప్పెడివారు. కణుజులకు కొమ్ములు రాలునని చదివియుండుటచే నేనా మాటను నమ్మితిని.

ఆవుకొమ్మునకును కణుజు కొమ్మునకును చాల భేదము కలదు. ఆవుకొమ్ము లోన ఎముక, పైన గోరువంటి తొడుగు. అది జీవితాంతము నిలుచును. కణుజు కొమ్ము ముదిరినపిదప కేవలము ఎముకయే. అది వేసవి ప్రాంతమున రాలిపోవును. పిమ్మట క్రొత్తది మెత్తని నూగుచర్మము క్రింద పెరిగి, శరత్తునాటికి గట్టిపడును. అప్పుడు మగకణుజు చెట్లకు రాచి ఆ చర్మమును ఒలిచివైచును. ఆడుదానికి కొమ్ములుండవు. (కృష్ణజింకను కూడ ఈ కుటుంబమున చేర్చుట వాడుకయే గాని, దాని కొమ్ములు రాలవు, అది వేరు వంశము.)

మన దేశపు లేళ్ళలో కణుజే పెద్దది. బలిసిన మగది సుమారు 300 కిలోలు తూగును. కార్తిక మార్గశిరములు దానికి మదకాలము. 1972 నాటి చట్టము క్రింద నేడు దాని వేట నిషిద్ధము. నల్లమల అడవిలో కొంతభాగమును 1978లో అభయారణ్యముగా ప్రకటించి, 1983లో పులుల పరిరక్షణ పథకమున చేర్చిరి. కొన్నియేండ్లకు, ఒక మార్గశిరమున, అటవీశాఖవారి యనుమతితో ఒక చెంచు పెద్దవెంట అచ్చటి మంచెపై కూర్చుండు భాగ్యము నాకు కలిగెను.

మంచె యెక్కకముందే ఆయన చిటికెడు బూడిదను గాలికి విడిచి చూచెను. "బాబూ, మన కన్ను దాన్ని చూచేలోపల దాని ముక్కు మనల్ని చూస్తుంది" అనెను.

ప్రొద్దు క్రుంకెను. మగకణుజు బురదమడుగు చెంతకు వచ్చి, అందు మూత్రము విడిచి, ఆ రొంపిలోనే పొరలెను. లేచి, మెడజూలు నిక్కబొడుచుకొని, వెనుకకాళ్ళపై నిలిచి, పైకొమ్మను తన కొమ్ములతో చితుకగొట్టెను. ఆ వాసనలే దాని చాటింపు: ఆడువానికి పిలుపు, సాటి మగవానికి హెచ్చరిక. ఇంతలో పొదలనుండి మరియొక మగది వచ్చెను. రెండును కొమ్ములు చిక్కువైచుకొని త్రోసికొనెను. ఆ పెనుగులాటలో అవి మా మంచెక్రిందికే వచ్చెను, మమ్మెరుగవు.

"ఈ నెలలో కణుజును కొట్టడానికి వేటగాడే కానక్కరలేదు; పిల్లవాడైనా కొట్టగలడు" అని చెంచు పెద్ద నా చెవిలో చెప్పెను. ఉలికిపడి నేను మోకాలు కదల్చితిని. పలక కిఱ్ఱుమనెను. ఎక్కడనో ఆడుకణుజు 'ఢాంక్' మని యరచెను. క్షణములో మడుగు శూన్యమయ్యెను. ఆయన నన్నేమియు అనలేదు.

మరునాడు దారిలో రాలిన కొమ్ము నొకదానిని చూపి, "మొదలు చూడు, బొడిపెలా నున్నగా ఉంది. చంపి తెచ్చినదానికైతే పుఱ్ఱెముక్క అంటుకొని ఉంటుంది" అని చెప్పి, దానిని అచ్చటనే విడిచెను.

విస్సన్నపేట చేరినపిమ్మట తాతగారి తలపాగ తీసి కొమ్ము మొదలు తడవి చూచితిని. అరచేతి వెడల్పున పుఱ్ఱెముక్క దానిని అంటియుండెను. తాతగారు పడకకుర్చీలోనుండి నన్ను చూచుచుండిరి.

"నాకప్పుడు పదునెనిమిదేండ్లు" అనిరి. కొంతసేపటికి, "అదీ మార్గశిరమే" అనిరి.