బిరుసెక్కు ఊపిరితిత్తులు: నేతకుటుంబములకు ఒక పాఠము

నేతవారి యింట దగ్గు పుట్టినచో నూలు దుమ్మువలన వచ్చినదని సరిపెట్టుకొనుట వాడుక. బళ్లారి జిల్లా సండూరు ప్రాంతమున, యశ్వంతనగర్ వంటి ఊళ్లలో, ఈ మాట చాలదు. ఈ ప్రాంతము ఇనుము, మాంగనీసు గనులకు పేరుపడినది. ఒకే యింట ఒకరు మగ్గముపైన, మరియొకరు గనిలోను పనిచేయవచ్చును. ఇద్దరి దగ్గును ఒకటిగానే వినబడును. జబ్బులు మాత్రము వేరు.

రెండు తెగలు

ప్రత్తి దుమ్మువలన వచ్చు బైసినోసిస్‌లో గాలి పోవు దారులు ఇరుకగును. సెలవు తరువాత పనిలోనికి వచ్చిన మొదటి దినమున రొమ్ము బిగియుట దీని గురుతు. ఇది మగ్గపు గదిలోకంటె జిన్నింగు మిల్లులలోను, నూలుమిల్లుల కార్డు గదులలోను ఎక్కువ.

రెండవ తెగలో ఊపిరితిత్తియే గంజి ఎక్కువైన బట్టవలె బిరుసెక్కి, చాలినంత విచ్చుకొనదు. నిండుగా గాలి పీల్చుట సాధ్యము కాదు.

కారణములు

వీనిలో మన ప్రాంతమునకు ముఖ్యమైనది రాతిదుమ్ము. సండూరు కొండలలో ఇనుపరాతి పొరల నడుమ స్ఫటికపు రాయి కలదు. దానిని తొలిచి, పగులగొట్టినప్పుడు కంటికి కనబడని సిలికా ధూళి లేచును. అది లోతునకు చేరి మచ్చలు కట్టుటయే సిలికోసిస్. కోలారు బంగారు గనులలో 1940–46 నడుమ 7,653 మంది పనివారిని పరీక్షింపగా, నూటికి 43.7 మందికి ఈ జబ్బు కనబడెను.

మానిన క్షయ మచ్చలు, ఊపిరితిత్తి పైపొర దళసరియగుట, కీళ్లవాతపు జబ్బులు, గూని, మితిమీరిన లావు, కండరముల నిస్త్రాణ కూడ ఊపిరిని కురచ చేయగలవు.

గుర్తించుట

పొడిదగ్గు, మెట్లెక్కునప్పుడు ఆయాసము మొదటి సూచనలు. వైద్యుడు ఎక్సురే, అవసరమైనచో సి.టి. తీయించును. స్పైరోమీటరులో గట్టిగా ఊదించి చూచును. దారులు ఇరుకైనచో మొదటి సెకనులో వెడలు గాలి భాగము తగ్గును. ఊపిరితిత్తి బిరుసైనచో మొత్తము గాలియే తగ్గును. మొదటి సెకను భాగము సరిగానే యుండును. ఊపిరితిత్తుల మొత్తము పరిమాణమును కొలిచి దీనిని నిర్ధారింతురు.

సిలికోసిస్ ఎక్సురేలో క్షయవలె కనబడవచ్చును. సిలికోసిస్ గలవారికి క్షయ సోకుటయు ఎక్కువే. కనుక కఫ పరీక్ష తప్పరాదు. క్షయ లేనిచో క్షయ మందులవలన ఈ మచ్చలు మానవు.

చికిత్స

కారణమునుబట్టి చికిత్స. నీరు చేరినచో తీయుదురు. క్షయయైనచో పూర్తిగా మందులు వాడవలెను. సిలికోసిస్ మచ్చలను మాన్పు మందు లేదు. దుమ్మును వెంటనే విడుచుట, పొగత్రాగుట మానుట, శ్వాస వ్యాయామము, టీకాలు, అవసరమైనచో ప్రాణవాయువు, ఇవియే ఆధారము. మచ్చలు పెరుగు కొన్ని జబ్బులలో నింటెడానిబ్ అను మందు ఆ వేగమును తగ్గించును. పని మానిన తరువాత కూడ సిలికోసిస్ ముదురవచ్చును. కనుక పరీక్షలు మానరాదు.

మనము చేయవలసినవి

రాతిని తడిపి తొలువవలెను. ముఖమునకు కట్టిన తువ్వాలు సన్నని ధూళిని ఆపదు. తగిన మాస్కు ధరింపవలెను. గని బట్టలను ఇంట దులుపరాదు. మగ్గపు గదిని తడిగుడ్డతో తుడువవలెను.

వైద్యుడు అడుగకున్నను, చేసిన ప్రతి పనిని, ఎన్నేండ్లు చేసినదియు చెప్పవలెను. సిలికోసిస్, బైసినోసిస్ రెండును చట్టపు పట్టికలో వృత్తివ్యాధులుగా చేరినవి. పరిహారము కోరుటకు ఋజువులు కావలెను. కూలి చీటీలు, హాజరు కాగితములు, పాత ఎక్సురేలు భద్రపరచుకొనుడు.