గ్రానైట్ ముక్క కింద నత్త

హస్త దాటి చిత్త కార్తెలోకి వచ్చాం. రాత్రి నాలుగు జల్లులు పడి తెరిపిచ్చిందంటే చాలు, తెల్లారి పెరట్లోకి వెళ్లి తోటకూర మడి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నిన్న సాయంత్రం రెండాకులతో నిలబడిన మొలక ఇవాళ లేదు. మిగిలిన వాటికి చిల్లులు. బంతి మొక్క మోడైంది. చీమకుర్తి చుట్టుపక్కల నుంచి ఈ నెలలో నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: “ఏదో పురుగు కొట్టేస్తోంది, ఏం మందు కొట్టమంటారు?”

మందు మాట తర్వాత. ముందు తిన్నదెవరో తేలాలి. మిరప, పొగాకు పండే మన నల్ల నేలల్లో రాత్రిపూట ఆకు పోయిందంటే అందరి అనుమానమూ లద్దె పురుగు మీదికే పోతుంది. అదీ పగలు నెర్రెల్లో దాక్కుంటుంది, నత్తా దాక్కుంటుంది. కానీ లద్దె పురుగు తిన్నచోట నల్లని రెట్ట రాలి ఉంటుంది, పిల్ల పురుగులైతే ఆకును జల్లెడలా గీకి వదులుతాయి. నత్త వచ్చిన చోట ఆకు మీదా మట్టి మీదా గంజి ఒలికి ఎండినట్టు తళతళలాడే చార ఒకటి మిగులుతుంది. ఎండ ఎక్కితే ఆ చార కంటికి ఆనదు కాబట్టి పొద్దున ఆరింటికే చూడాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని ఒక్కసారి మడి చుట్టూ తిరగండి. దొంగ దొరుకుతుంది.

నత్త అని తేలాక కూడా పురుగుమందే కొట్టేవాళ్లున్నారు. నత్త పురుగు కాదు, పురుగును చంపడానికి చేసిన మందుల్లో చాలావాటికి అది చలించదు. నత్తనూ దాని గుడ్లనూ తినే నేల పెంకు పురుగులు మాత్రం చస్తాయి. ఇది నా ఊహ కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సోయా చిక్కుడు పొలాల్లో ఇదే పరీక్షించి చూశారు. నియోనికోటినాయిడ్ మందుతో శుద్ధి చేసిన విత్తనం మొలిస్తే, గుల్ల లేని నత్తలు ఆ మొలకను తిని హాయిగానే ఉన్నాయి. ఆ నత్తల్ని తిన్న పెంకు పురుగులకు విషం ఎక్కింది. చివరికి మందు వేసిన పొలంలోనే నత్తలు పెరిగి, మొక్కల సంఖ్య 19 శాతం, దిగుబడి 5 శాతం తగ్గాయి. మిరపకు మనం కొట్టే మందుల జాబితా తలచుకుంటే, మన గట్ల మీద నల్ల పెంకు పురుగులు ఎందుకు కనిపించడం లేదో వేరే చెప్పక్కర్లేదు.

పెరట్లో కనిపించేవి ముఖ్యంగా మూడు రకాలు. గోరంత గుల్లతో ఉండే చిన్న నత్తలు, తోలు ముక్కలా చదునుగా నల్లగా ఉండే గుల్ల లేని నత్తలు, పిడికిలంత ఎదిగే ఆఫ్రికా నత్త. ఈ మూడోదే అసలు తలనొప్పి. తూర్పు ఆఫ్రికా దాని పుట్టిల్లు. 1847లో బెన్సన్ అనే ఇంగ్లీషు దొర మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా చౌరంగీలో ఒక తోటలో వదిలాడు. అక్కడి నుంచి కుండీ మొక్కల్లో, మట్టిలో, లారీ చక్రాల మధ్య ప్రయాణం చేసి దేశమంతా తిరిగింది. ప్రతి నత్తలోనూ ఆడా మగా రెండూ ఉంటాయి గనక జత కట్టినవి రెండూ గుడ్లు పెట్టగలవు. ఒక్క విడతకే వందకు పైగా, లేత పసుపు రంగు సగ్గుబియ్యంలా, తడి మట్టిలో రెండంగుళాల లోతున. కుండీ మొక్క తెచ్చినప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిని వేలితో కెలికి చూడమనేది అందుకే.

నత్తలన్నీ శత్రువులు కావు సుమా. కుళ్లిన ఆకే తిని బతికేవి బోలెడు. చెరువుల్లో ఉండే నత్తగుల్లలు వేరే జాతి, వాటి మీద బతికే కొంగలున్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు వచ్చే నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు చూశారా? మాగాణిలోని గుల్లల్ని పట్టి లోపలి మాంసం లాగడానికి పనికొచ్చే ముక్కు అది.

ఇక పట్టుకునే ఉపాయం. చీమకుర్తిలో గ్రానైట్ ముక్క లేని ఇల్లు లేదు. బంగారు చుక్కల గెలాక్సీ రాయి దేశదేశాలకు పోతే, పనికిరాని ముక్కలు మన పెరళ్లలో మడికి అంచులుగా, బట్టలుతుక్కునే బండలుగా మిగిలాయి. నత్తలు పగలు తలదాచుకునేది వాటి కిందే. మనం తెలియక కట్టిన సత్రం అది. దాన్నే ఉచ్చుగా మార్చండి. మడి పక్కన ఉన్న ముక్కల గుట్ట తీసేయండి. అడుగు చదరం పలకలు మాత్రం, ఐదు సెంట్ల పెరడుకు ఆరో ఏడో ఉంచండి. ఒక వైపు చిన్న రాయి పెట్టి వేలెడు సందు ఇచ్చి, కింద నేల తడిపి, బొప్పాయి తొక్కో క్యాబేజీ పైఆకులో నాలుగు వేయండి. ఈ పని సాయంత్రం చీకటి పడే ముందు చేయాలి.

తెల్లారి ఎత్తి చూడండి. మొన్నటి వాన తర్వాత మా పెరట్లో ఒకే పలక కింద పద్నాలుగు లెక్కపెట్టాను. చిన్నవి రాయికి అతుక్కుని, పెద్దది ఒకటి బొప్పాయి తొక్కలోకి తల దూర్చి, ఒక మూల తడి మట్టి నిండా గుడ్లు. రెండో పలక కింద నత్త ఒక్కటి లేదు, గోదురు కప్ప ఒకటి గొంతు ఆడిస్తూ కూర్చుని ఉంది. దాన్ని కదపకుండా పలక దించేశాను. ఆ చుట్టుపక్కల పని దానికి వదిలేసినట్టే. పలకలు ఎత్తి చూడటం మాత్రం పొద్దున ఏడు దాటనీయకండి. ఎండకు నల్లరాయి కాగితే నత్తలు ఇంకా లోతుకు పోతాయి.

రాళ్లు లేనివాళ్లకు తడి గోనెసంచి చాలు. చేతులతో మాత్రం ముట్టుకోవద్దు. ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే పురుగు ఒకటి నత్తల ద్వారా మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి. ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఏరండి. పిల్లల చేత ఈ పని చేయించకండి. పచ్చిగా తినే ఆకుల్ని బాగా కడగండి. ఏరినవాటిని ఐదు లీటర్ల నీళ్లలో కిలో ఉప్పు కలిపిన బకెట్లో వేస్తే చస్తాయి. ఆ నీళ్లు మడిలో పోయకండి. నత్త మీద నేరుగా ఉప్పు చల్లడం మన ఊళ్లలో పాత అలవాటు. నత్త చచ్చేమాట నిజమే కానీ, ఉప్పు పట్టిన నల్లరేగడిలో మిరప నారు కూడా నిలవదు. గుడ్లు దొరికితే ఎర్రటి ఎండలో పరచండి, అంతే.

కోడిగుడ్డు పెంకులు, బూడిద, రంపపు పొట్టు మొక్క చుట్టూ పోస్తే నత్త దాటదంటారు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో గుడ్డు పెంకులు, గరుకు ఇసుక, రాగి పట్టీ లాంటి ఐదు రకాలు పరీక్షించి, ఏవీ నష్టాన్ని తగ్గించలేదని తేల్చింది. కాబట్టి కోత మిల్లు దగ్గర ఊరికే వస్తోంది కదా అని గ్రానైట్ బురద పొడి తెచ్చి మడిలో పోసేవాళ్లకు నా మాట: అది తడిస్తే గట్టిపడి నేలకు గాలాడదు. నత్త మాత్రం దాని మీదుగానే నడిచిపోతుంది.

పొగాకు జిల్లాలో ఉంటూ పొగాకు కషాయం గురించి చెప్పకపోతే ఊరుకోరు. పొగాకు కషాయంలో మైలుతుత్తం కలిపి కొట్టే పద్ధతి ఉంది, నత్తలు చస్తాయి కూడా. ఐనా నేను చెప్పను. మైలుతుత్తం నీళ్లు కాలవలోకి దిగితే చేపలు పోతాయి, మట్టిలో పేరుకుంటే వానపాములు పోతాయి. పొగాకులో ఉండే నికోటిన్ తేనెటీగకు విషం. పైగా పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా బతికే ఉంటుంది. మరిగించకుండా నానబెట్టిన నీళ్లు మిరప నారు మీద చల్లితే నత్తకు బదులు తెగులు తెచ్చుకున్నట్టు. పొగాకు ముట్టుకున్న చేయి సబ్బుతో కడుక్కోనిదే మిరప నారు పీకకూడదన్నది మీకు తెలిసిన సంగతే.

నత్తల్ని చంపే మెటాల్డిహైడ్ గుళికలు కొట్టులో అడిగితే ఇస్తారు. నాలుగేళ్ల కిందట నేనూ తెచ్చాను. వాటిలోని తవుడు వాసనకు వీధి కుక్క ఒకటి తినేసింది. వణుకుతూ, కాళ్లు బిగదన్నుకుంటూ రెండు గంటలు పడిన బాధ కళ్లారా చూశాక, మళ్లీ ఆ డబ్బా ముట్టుకోలేదు. బ్రిటన్‌లో పక్షులకూ జంతువులకూ ప్రమాదమని 2022 మార్చి ఆఖరుతో ఆరుబయట దాని వాడకం ఆపేశారు.

నత్తను తినే నత్తను తెచ్చి వదిలితే పోలేదా అని ఒకరు అడిగారు. అదీ అయింది. ఆఫ్రికా నత్తను అణచాలని 1955లో ఫ్లోరిడా నుంచి ఒక వేట నత్తను హవాయి దీవుల్లోకి తెచ్చారు. అది ఆఫ్రికా నత్త జోలికి పెద్దగా పోలేదు కానీ, చెట్ల మీద బతికే ఆ దీవుల సొంత నత్తల్ని తిని చాలా జాతుల్ని మట్టుబెట్టింది.

కొత్తవాళ్లు అక్కర్లేదు, మనవాళ్లే చాలు. ఎర్రటి కన్ను, ఇటుక రంగు రెక్కలతో గట్టు మీద హుందాగా నడిచే జెముడుకాకి ఆఫ్రికా నత్తను సైతం పగలగొట్టి తింటుంది. దానికి దట్టమైన కంచె కావాలి. గట్టు మీది పొదలన్నీ నరికి నిప్పు పెడితే అది ఎక్కడుంటుంది? మిణుగురు పిల్లలు నత్త గుల్లలోకి దూరి మరీ తింటాయి. రాత్రంతా పెరట్లో లైటు వెలిగితే పెద్ద మిణుగురులు జతకట్టవు. కోళ్లను నారు పోయకముందే మడిలోకి వదలండి, దున్నిన మట్టిలో గుడ్లు ఏరి తింటాయి. నారు మొలిచాక వదిలితే నత్త చేసే పని అవే చేస్తాయి.

నీళ్లు పొద్దునే పెట్టండి. అన్నిటికంటే తేలికైనదీ ఎక్కువమంది చేయనిదీ ఇదే. సాయంత్రం తడిపితే రాత్రంతా నత్తకు రోడ్డు వేసి ఇచ్చినట్టే. పొద్దున పెడితే చీకటి పడేసరికి పైమట్టి ఆరిపోతుంది. ఆలస్యంగా మిరప నారు పోసినవాళ్లు మడిని ఎత్తుగా చేసి, చుట్టూ మూరెడు వెడల్పున గడ్డి లేకుండా చెక్కండి. పైన కప్పిన గడ్డిని మొలక కనిపించిన రోజే తీసేయండి.

విశాఖ కార్తె దాటి వానలు వెనకబట్టాక నత్తలు కనిపించవు. పోయాయనుకోకండి. గుల్ల మూతికి తెల్లటి పొర బిగించుకుని గోడ నెర్రెల్లో, అరటి దుబ్బు మొదట్లో, ఇటుకల గుట్ట కింద నెలల తరబడి నిద్రపోతాయి. కదలలేవు గనక ఏరడానికి అదే సుళువైన కాలం. సంక్రాంతికి ఇల్లూ వాకిలీ దులిపేటప్పుడు ఆ మూలలు కూడా ఒకసారి తిరగేయండి.