జాతర సెలవు ఇంగ్లిష్‌లోనే అడగండి

కొమురవెల్లి, చేర్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి సిద్దిపేటకో హైదరాబాద్‌కో పనికి పోయే వాళ్లలో చాలామందికి పని బాగా వచ్చు, ఇంగ్లిష్ దగ్గరే నోరు ఆగిపోతుంది. లాడ్జి కౌంటర్, హాస్పిటల్ రిసెప్షన్, క్యాబ్, సెక్యూరిటీ గేటు, ఎక్కడ చూసినా జీతం పెరిగే చోట ఆ భాషే అడ్డం పడుతోంది. నేర్చుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆ తొందరలో మనవాళ్లు ఊరి పేరు అడిగితే "హైదరాబాద్ పక్కనే" అంటున్నారు. యాస బయటపడుతుందని మాటలు మింగేస్తున్నారు. కొమురవెల్లి జాతరకు, మల్లన్న దేవుడికి పట్నం (రంగుల ముగ్గు) వేయించడానికి పోతూ జ్వరమని సెలవు పెడుతున్నారు. చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. పైగా ఈ దాపరికంతో ఇంగ్లిష్ కూడా రాదు. చెప్పడానికి విషయం ఉంటేనే నోరు తిరుగుతుంది. మనకు తడుముకోకుండా చెప్పగలిగిన విషయాలంటే మన ఊరు, మన పనే.

ఎట్లా నేర్చుకోవాలంటే, మల్లన్న కథలు పాడే ఒగ్గు కథకుల ఇళ్లలో పిల్లలు ఎట్లా నేర్చుకుంటారో గమనించండి. ముందు పెట్టుకోవడానికి పుస్తకం ఉండదు. ప్రధాన కథకుడు ఒక మాట అంటే వంత పాడేవాళ్లు దాన్ని అందుకుంటారు. డోలు, తాళాల మధ్య పిల్లవాడు ఆ వంతలోనే నిలబడి, విన్నది విన్నట్టు అంటూ, కొన్నేళ్లకు మల్లన్న దేవేరులైన మేడలమ్మ పెళ్లి, కేతమ్మ కథ నోటికి తెచ్చుకుంటాడు. అర్థం, రాగం, ఎక్కడ ఆపాలో ఎక్కడ గొంతు పెంచాలో అన్నీ చెవి ద్వారానే వస్తాయి. వ్యాకరణం పుస్తకం కొని నాలుగు పేజీల దగ్గర ఆగిపోయిన వాళ్లకు నేను చెప్పేది ఈ దారే.

మీ పనిచోట ఇంగ్లిష్ బాగా మాట్లాడే మనిషిని ఒకరిని ఎంచుకోండి. ఆయన రోజూ వాడే వాక్యాలు తెలుగు లిపిలోనే ఫోన్‌లో రాసుకోండి. లాడ్జిలో చేసేవాళ్లకైతే "మే ఐ సీ యువర్ ఐడీ ప్రూఫ్", "చెకౌట్ టైమ్ ఈజ్ టెన్ ఓ క్లాక్". క్యాబ్ నడిపేవాళ్లకైతే "ఐ యామ్ ఎట్ ద మెయిన్ గేట్", "ప్లీజ్ షేర్ ద ఓటీపీ". ముప్పై నలభై వాక్యాలతో డ్యూటీలో సగం గడిచిపోతుంది. రాత్రి అన్నం తిన్నాక వాటిని పైకి గట్టిగా అనండి. ఫోన్‌లో రికార్డు చేసి మీ గొంతు మీరే వినండి. మనసులో చదువుకుంటే లాభం లేదు.

యాస గురించి ఒక్క మాట. మనం "కార్డు", "గేటు", "బస్సు" అని చివర ఒక అచ్చు కలుపుతాం. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు దాన్ని తెంపేయండి. "ఇస్టేషన్", "ఇస్కూల్" అనే అలవాటుంటే ముందున్న "ఇ" తీసేయండి. ఈ రెండూ సర్దుకుంటే అవతలి మనిషికి చాలావరకు అర్థమవుతుంది. మిగతాది సిద్దిపేట గొంతులా వినిపిస్తే వినిపించనివ్వండి.

ఇంట్లో ప్రభుత్వ బడికి పోయే పిల్లలుంటే మీకు ఇంకో సాధనం ఉన్నట్టే. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే పుస్తకాలు ఇచ్చారు. మూడో తరగతి పుస్తకం తీసుకుని ముందు తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లిష్ పేజీ బిడ్డతో కలిసి పైకి చదవండి. మీకు ఇంగ్లిష్, బిడ్డకు తెలుగు, ఒక్కసారి కూర్చుంటే రెండూ వస్తాయి. బిడ్డతో వచ్చీరాని ఇంగ్లిష్ మాట్లాడటం మాత్రం మానేయండి. "కమ్ నాన్నా, ఈట్ నాన్నా" అంటే ఆ పిల్లకు ఏ భాషా పూర్తిగా అందదు. ఇంగ్లిష్ నేర్చుకుంటే మనది వదులుకోవాలని ఏమీ లేదు. మారిషస్‌కు 19వ శతాబ్దంలో కూలికి పోయిన తెలుగువాళ్ల పిల్లలు ఇంగ్లిష్, ఫ్రెంచ్ నేర్చి ఉద్యోగాలు చేస్తూనే పండుగలు వదలలేదు. ఉగాది ఇవాళ ఆ దేశంలో ప్రభుత్వ సెలవు.

ఇంటర్వ్యూలో "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే చాలామందికి గొంతు ఎండిపోతుంది. ఊరితో మొదలుపెట్టండి. "ఐ యామ్ ఫ్రమ్ కొమురవెల్లి, నియర్ సిద్దిపేట. ఇట్ ఈజ్ ఎ టెంపుల్ టౌన్. ఫ్రమ్ సంక్రాంతి టు ఉగాది, పీపుల్ కమ్ ఎవ్రీ సండే. ఐ వర్క్‌డ్ ఇన్ ఎ షాప్ దేర్. ఐ కెన్ హ్యాండిల్ బిగ్ క్రౌడ్స్." చిన్న వాక్యాలు, అన్నీ నిజాలు. జాతరలో కొబ్బరికాయలు, బండారి (పసుపు) అమ్మిన అనుభవం కౌంటర్ ఉద్యోగానికి అర్హతే. సిగ్గుపడకుండా చెప్పండి.

ఇక సెలవు. జ్వరమని రాయకండి, "గాడ్ ఫంక్షన్" అని సరిపెట్టకండి. "డియర్ సర్, మై ఫ్యామిలీ ఈజ్ ఆఫరింగ్ బోనం ఎట్ కొమురవెల్లి దిస్ సండే. ఐ నీడ్ లీవ్ ఆన్ మండే. ఐ విల్ రిపోర్ట్ ఆన్ ట్యూస్‌డే." మీ షిఫ్టు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకుని ఆ పేరూ రాయండి. మేనేజర్‌కు కావాల్సింది ఆ నాలుగు సంగతులే. బోనం అంటే ఏమిటని అడిగితే జవాబు సిద్ధంగా ఉంచుకోండి: కొత్త కుండలో అన్నం వండి, పసుపు కుంకుమలతో అలంకరించి, నెత్తిన పెట్టుకుని దేవుడికి తీసుకుపోతాం. దీన్ని మూడు ఇంగ్లిష్ వాక్యాల్లో ముందే నోటికి తెచ్చుకోవచ్చు. శివరాత్రి నాటి పెద్దపట్నం రాత్రంతా సాగుతుంది కాబట్టి, దానికి పోయేవాళ్లు మరునాటి పొద్దుటి షిఫ్టు మార్చమని రెండు వారాల ముందే మెయిల్ పెట్టుకోవాలి.